చలి కొమ్మలది కాదు, వేళ్లది

టొరంటోలో చలి మొదలైందని, పెరట్లో ఉన్న జునిపర్ బోన్సాయ్‌ని హాల్లోకి తెచ్చి హీటరు పక్కన పెట్టావా అమ్మలూ? ఇంకా నవంబరేగా, మించిపోయింది లేదు. ముందు దాన్ని బయట పెట్టిరా, తర్వాత తీరిగ్గా మాట్లాడుకుందాం.

బోన్సాయ్ అంటే సుకుమారం అనుకోకు. 1625 నుంచి బోన్సాయ్‌గా పెరుగుతున్న ఓ జపాన్ తెల్ల పైన్ హిరోషిమా బాంబును కూడా తట్టుకుంది. 1976లో దాన్ని జపాన్ వాళ్లు అమెరికాకిచ్చారు. ఇప్పుడు వాషింగ్టన్‌లో ఉంది.

జునిపర్, మేపుల్, పైన్ చలిసీమ చెట్లు. పగలు తగ్గి చలి ముదిరేకొద్దీ ఎదుగుదల ఆపేసి నిద్రపోతాయి. కణాల్లో చక్కెర పోగుచేసుకుంటాయి. ఫ్రీజర్లో నీళ్లు గడ్డకట్టినంత తేలిగ్గా బెల్లంపాకం గడ్డకట్టదు చూడు, అదే కిటుకు. పైగా కణంలోని నీరు కొంత బయటికి జారి, సందుల్లో మంచవుతుంది. మంచు బయట ఉన్నంతసేపూ కణానికి భయం లేదు. లోపల ఏర్పడిందా, చచ్చిందే. వెచ్చటి హాల్లో పెడితే ఈ నిద్రే దక్కదు. చెట్టు ఏడాదికేడాది నీరసించిపోతుంది.

మరి చలికి పోయే బోన్సాయ్‌ల మాటేమిటంటావా? కొమ్మలు ఓర్చుకునే చలిని వేళ్లు ఓర్చుకోలేవు. నేలలో ఉన్న వేళ్లకు కిందినుంచి భూమి వెచ్చదనం అందుతుంది. అరచేతి లోతు తొట్టికో, అన్ని వైపులా చలిగాలే! అందుకని తొట్టితో సహా పెరట్లో నీడపట్టున పాతిపెట్టి, పైన ఎండుటాకులు కప్పు. దానిమీద మంచు పడితే దులపకు. మంచులో చిక్కుకున్న గాలి చలిని ఆపుతుంది. పాతే ఓపిక లేకపోతే, హీటరు లేని గ్యారేజీ అయినా సరే. నిద్రలో ఉన్న చెట్టుకు వెలుతురు పెద్దగా అక్కర్లేదు.

నీళ్లు మాత్రం మరచిపోకు. మట్టి గడ్డకడితే వేళ్లు నీరు పీల్చలేవు, పైన ఎండా గాలీ ఆకుల్ని ఆరబెడుతూనే ఉంటాయి. అందుకే చలికాలంలో దాహంతో పోయే జునిపర్లూ ఉంటాయి. పోయిన సంగతి కూడా వెంటనే తెలియదు, వారాల తరబడి ఆకు పచ్చగానే ఉంటుంది, దొంగది! గడ్డకట్టే రాత్రికి ముందే మట్టిని తడిపి ఉంచు. గ్రాము నీరు మంచుగా మారుతూ 80 కెలోరీల వేడిని వదులుతుంది. పొడిమట్టి కన్నా తడిమట్టి నెమ్మదిగా చల్లబడేది అందుకే.

నీ దగ్గరున్న రెండో తొట్టిలోని ఫైకస్ దారి వేరు. అది మన మర్రి, రావి వంశం. చలినిద్ర ఎరగదు. ఏటా రాత్రిళ్లు 10 డిగ్రీలకు దిగకముందే దాన్ని లోపలికి తెచ్చి, ఎండ పడే కిటికీ దగ్గర పెట్టు.