చేప విత్తనానికి మూలం మెదడులోనే: పీయూష గ్రంథి పనితీరు, ప్రేరేపిత ప్రజననం

(ప్రత్యేక వ్యాసం)

సికింద్రాబాద్: మృగశిర కార్తె ప్రవేశించే రోజున జంటనగరాల్లోని రాంగోపాల్‌పేట, రాంనగర్, బేగంబజార్ చేపల మార్కెట్లు తెల్లవారుజాము నుంచే కిటకిటలాడడం ఏటా చూస్తున్నదే. ఆ రోజున అమ్ముడయ్యే కట్ల, రోహు, మ్రిగాల చేపల్లో అధిక భాగం చెరువుల్లో పెంచినవి. అయితే ఈ మూడు రకాలూ చెరువు నీటిలో చక్కగా పెరుగుతాయే తప్ప సాధారణంగా అందులో గుడ్లు పెట్టవు. వాటి పిల్లలను హ్యాచరీలలో హార్మోన్ ఇంజెక్షన్ సాయంతో ఉత్పత్తి చేయవలసి వస్తున్నది. ఇంజెక్షన్ ఎందుకు అవసరమవుతున్నది, అది చేప శరీరంలో ఏమి చేస్తుంది అన్న ప్రశ్నలకు సమాధానం చేప మెదడులోను, దాని అడుగున ఉన్న పీయూష గ్రంథిలోను లభిస్తుంది.

మెదడు నుంచి బీజకోశం వరకు

చేప మెదడు అడుగు భాగాన హైపోథాలమస్ అనే ప్రాంతం ఉన్నది. పగటి నిడివి, నీటి ఉష్ణోగ్రత, వరద నీటి రాక వంటి బాహ్య సంకేతాలు జ్ఞానేంద్రియాల ద్వారా మెదడును చేరి, చివరకు హైపోథాలమస్ పనితీరును ప్రభావితం చేస్తాయి. అనుకూల కాలం వచ్చినప్పుడు ఇక్కడి నాడీకణాలు జి.ఎన్.ఆర్.హెచ్. అనే హార్మోన్‌ను విడుదల చేస్తాయి. ఇది పది అమైనో ఆమ్లాలతో కూడిన చిన్న గొలుసు. క్షీరదాల్లో దీని నిర్మాణాన్ని 1971లో కనుగొన్నారు. మెదడు ఉత్పత్తి చేసే ఇటువంటి హార్మోన్లపై పరిశోధనలకు గాను రోజర్ గిల్లెమిన్, ఆండ్రూ షాలీలకు 1977లో నోబెల్ బహుమతి లభించింది.

క్షీరదాల్లో ఈ హార్మోన్ ప్రత్యేక రక్తనాళాల ద్వారా పీయూష గ్రంథికి చేరుతుంది. ఎముకల చేపల్లో మాత్రం హైపోథాలమస్ నాడీతంతువులే నేరుగా పీయూష గ్రంథిలోకి చొచ్చుకుని వస్తాయి. సంకేతం అందుకున్న పీయూష గ్రంథి ఎఫ్.ఎస్.హెచ్., ఎల్.హెచ్. అనే రెండు గొనడోట్రోపిన్ హార్మోన్లను రక్తంలోకి పంపుతుంది.

ఆడ చేపలో మొదటి దశ గుడ్ల పెరుగుదల. ఇందులో ప్రధాన పాత్ర ఎఫ్.ఎస్.హెచ్.ది. దీని ప్రేరణతో అండాశయం ఈస్ట్రడయోల్‌ను తయారు చేస్తుంది. అది కాలేయాన్ని చేరి, పచ్చసొనకు మూలమైన ప్రోటీన్‌ను ఉత్పత్తి చేయిస్తుంది. ఆ ప్రోటీన్ రక్తం ద్వారా వచ్చి గుడ్లలో నిల్వ చేరుతుంది. రెండవ దశ గుడ్ల తుది పక్వత, విడుదల. ఇందుకు ఎల్.హెచ్. ఒక్కసారిగా ఉప్పొంగాలి. అప్పుడు మాత్రమే అండాశయం మరొక స్టీరాయిడ్ హార్మోన్‌ను తయారు చేసి గుడ్లను పక్వానికి తెస్తుంది.

చెరువులో ఆగిపోయే అంకం

చెరువులో పెరిగే కట్ల, రోహు చేపల్లో మొదటి దశ సక్రమంగానే పూర్తవుతుంది. వేసవి చివరకు ఆడ చేప పొట్ట నిండా గుడ్లు ఉంటాయి. ఆగిపోయేది రెండవ దశ. పొంగే నదిలోని ప్రవాహం, కొత్త నీరు నిలకడ నీటిలో లభించవు. దానితో ఎల్.హెచ్. ఉప్పెన రాదు. విడుదల కాని గుడ్లు క్రమేణా శిథిలమై తిరిగి శరీరంలోనే కలిసిపోతాయి. బంగారు తీగ చేప మాత్రం నిలకడ నీటిలోనే మొక్కలకు అంటుకునేలా గుడ్లు పెట్టగలగడం గమనార్హం.

ఈ కారణంగానే ఒకప్పుడు చేప విత్తనం కోసం వరద కాలంలో నదులపై ఆధారపడవలసి వచ్చేది. అలా పట్టిన పిల్లల్లో అక్కరకు రాని రకాలు, ఇతర చేపలను తినే రకాలు కూడా కలిసి ఉండేవి.

1957 జూలై 10

చేప పీయూష గ్రంథి సారాన్ని ఎక్కించి చేపల ప్రజననాన్ని ప్రేరేపించవచ్చునని 1930లలో అర్జెంటీనా, బ్రెజిల్ దేశాల పరిశోధనలు సూచించాయి. మన దేశంలో డాక్టర్ హీరాలాల్ చౌధురి, డాక్టర్ కె.హెచ్. అలికున్హి 1957 జూలై 10న ఒడిశాలోని అంగుల్‌లో ఈ పద్ధతితో కార్ప్ చేపల ప్రజననాన్ని విజయవంతంగా సాధించారు. ఆ విజయానికి గుర్తుగా ఏటా జూలై 10వ తేదీని జాతీయ మత్స్య రైతుల దినోత్సవంగా జరుపుకుంటున్నారు. 2006లో హైదరాబాద్ కేంద్రంగా ఏర్పాటైన జాతీయ మత్స్య అభివృద్ధి మండలి కూడా ఈ దినోత్సవాన్ని నిర్వహిస్తున్నది.

ఈ పద్ధతిలో పరిపక్వ చేపల తలల నుంచి గ్రంథులను సేకరించి ఆల్కహాల్‌లో నిల్వ చేస్తారు. ఆడ చేపకు రెండు విడతలుగా, మగ చేపకు రెండవ విడత సమయంలో ఒకేసారి సారాన్ని ఎక్కిస్తారు. అయితే గ్రంథి నాణ్యత దానిని ఇచ్చిన చేప వయసును, పక్వతను, సేకరించిన కాలాన్ని బట్టి మారిపోవడం ఇందులోని లోపం.

బ్రేకును తొలగించే మందు

జి.ఎన్.ఆర్.హెచ్.ను మాత్రమే ఎక్కిస్తే అనేక చేపల్లో ఆశించిన ఫలితం రాలేదు. కార్ప్ జాతి చేపల మెదడులోని డోపమైన్ అనే రసాయనం ఎల్.హెచ్. విడుదలను అణచివేస్తున్నదని పరిశోధనల్లో తేలింది. ఒకటి ముందుకు నడిపే సంకేతం కాగా, రెండవది బ్రేకు. కెనడాకు చెందిన రిచర్డ్ పీటర్, చైనాకు చెందిన లిన్ హావోరాన్ 1980లలో రెండింటినీ కలిపి పరిష్కరించే విధానాన్ని రూపొందించారు. నేడు హ్యాచరీల్లో వాడే ఓవాప్రిమ్‌లో సాల్మన్ చేప జి.ఎన్.ఆర్.హెచ్.కు సారూప్య పదార్థం, డోపమైన్‌ను అడ్డుకునే డోంపెరిడోన్ కలిసి ఉంటాయి. ఇది చేప సొంత పీయూష గ్రంథి చేతనే ఎల్.హెచ్.ను విడుదల చేయిస్తుంది. ఒకే మోతాదు సరిపోవడంతో తల్లి చేపలను పదేపదే పట్టవలసిన అవసరం తప్పింది. ఫలదీకరణ చెందిన కార్ప్ గుడ్లు 27 నుంచి 31 డిగ్రీల నీటిలో సుమారు 14 నుంచి 18 గంటల్లో పిల్లలవుతాయి.

ఇంజెక్షన్ చేయలేనిది

ఈ ఇంజెక్షన్ పరిమితులను గుర్తెరగడం అత్యవసరం. ఇది చివరి అంకాన్ని మాత్రమే జరిపిస్తుంది. పచ్చసొన చేరని గుడ్లను పక్వానికి తేలేదు, శిథిలమైన గుడ్లను బతికించలేదు. వర్షాలు ఆలస్యమైనా, వేసవి ఎండ మితిమీరినా తల్లి చేపల సంసిద్ధతను పరీక్షించకుండా మందు ఇస్తే నష్టమే మిగులుతుంది. తల్లి చేపలను ఒత్తిడికి గురిచేయడం కూడా హానికరమే. ఒత్తిడి సమయంలో పీయూష గ్రంథి మరొక హార్మోన్ ద్వారా కార్టిసోల్‌ను పెంచుతుంది. అధిక కార్టిసోల్ ప్రజననాన్ని దెబ్బతీస్తుంది.

హార్మోన్ చేపలు తినవచ్చునా అన్న సందేహం వినియోగదారుల్లో తరచు వ్యక్తమవుతుంటుంది. ఇంజెక్షన్ ఇచ్చేది తల్లి చేపలకు, మగ చేపలకు మాత్రమే. మార్కెట్‌కు వచ్చే చేప ఆ గుడ్ల నుంచి పుట్టి నెలల తరబడి చెరువులో పెరిగినది. దానికి ఈ ఇంజెక్షన్ ఇవ్వరు.

అసలు ప్రమాదం మరొక చోట ఉన్నది. ఒకే తొట్టిలో కట్ల, రోహు చేపలను కలిపి ప్రజననం చేయిస్తే సంకర పిల్లలు పుడతాయి. కొద్దిపాటి తల్లి చేపల సంతతినే తరతరాలుగా వాడితే దగ్గరి రక్తసంబంధంతో ఎదుగుదల మందగిస్తుంది. హార్మోన్ మంచి తల్లి చేపకు, బలహీనమైన తల్లి చేపకు ఒకే విధంగా పనిచేస్తుంది కనుక ఈ లోపం హ్యాచరీలో కనిపించదు. భువనేశ్వర్‌లోని కేంద్ర మంచినీటి మత్స్య పరిశోధన సంస్థ నార్వే సహకారంతో ఎంపిక విధానంలో అభివృద్ధి చేసి, 1997లో విడుదల చేసిన జయంతి రోహు మేలైన తల్లి చేపల విలువను చాటిన ఉదాహరణ.

తెలంగాణలో 2016లో చెరువులకు ఉచిత చేపపిల్లల పంపిణీ ప్రారంభమైన నాటి నుంచి విత్తన నాణ్యత గ్రామ మత్స్య సహకార సంఘాల ఆదాయంతో నేరుగా ముడిపడి ఉన్నది. వానాకాలంలో వదిలిన పిల్లలు నాసిరకమైనవని సంఘ సభ్యులకు తెలిసేది వల లాగిన రోజునే. అప్పటికి ఆ ఏడాది చేజారిపోతుంది. కనుక చేపపిల్లల సంఖ్యను లెక్కించడంతో సరిపెట్టక, తల్లి చేపలు ఎక్కడివి, ఎన్ని తరాలుగా వాడుతున్నారు, రకాలను విడివిడిగా ఉంచుతున్నారా అన్న వివరాలను క్షేత్రస్థాయి అధికారులు నమోదు చేయవలసి ఉన్నది. పాత్రికేయులు కూడా ఈ ప్రశ్నలనే అడిగినట్లయితే మత్స్యకార కుటుంబాలకు మేలు కలుగుతుంది.