గొర్రెతోలుకు రెక్కలొచ్చాయి

1943లో ఇంగ్లండ్ తూర్పు తీరం నుంచి జర్మనీ మీదికి బయల్దేరే ప్రతి బి-17 బాంబర్‌లో పది మంది ఉండేవారు. చాలామందికి పాతికేళ్లు కూడా నిండలేదు. విమానం పాతిక వేల అడుగుల ఎత్తుకు చేరేసరికి బయట చలి మైనస్ 40 డిగ్రీలు. లోపలా దాదాపు అంతే. నడుము భాగంలో తుపాకులు పట్టుకుని నిలబడే ఇద్దరు గన్నర్ల ముందు కిటికీలకు అద్దాలుండేవి కావు, గాలి నేరుగా వచ్చి ముఖాన కొట్టేది. తుపాకీ మొరాయించిందని చేతితొడుగు తీసి ఇనుమును ముట్టుకుంటే చర్మం దానికే అతుక్కుని ఊడివచ్చేది. అమెరికా ఎనిమిదో వైమానిక దళానికి శత్రువు తూటాలు ఎంత బెడదో, వేళ్లను, చెవులను గడ్డకట్టించే ఆ చలీ అంతే బెడద.

ఆ కుర్రాళ్ల ఒంటి మీద ఉన్నదే బి-3 జాకెట్. పూర్తిగా గొర్రెతోలు. ఉన్ని లోపలికి, తోలు బయటికి. చెవుల దాకా లేచే వెడల్పాటి కాలరు, దాన్ని మెడకు బిగించడానికి రెండు పట్టీలు. అమెరికా సైన్యం 1934లో ఈ నమూనాను ఖాయం చేసింది. అంతకు రెండు మూడేళ్ల ముందే బ్రిటన్‌లో ఇర్విన్ జాకెట్ పుట్టింది. దాన్ని రూపొందించిన లెస్లీ ఇర్విన్ సాహసి. 1919 ఏప్రిల్ 28న ఒహాయోలోని మెకుక్ ఫీల్డ్‌లో విమానం నుంచి దూకి, గాల్లో పడిపోతూ తన చేత్తోనే పారాచూట్ తెరిచాడు. కిందికి దిగేటప్పుడు చీలమండ విరిగినా, ఆ దూకుడు ఎందరో వైమానికుల ప్రాణాలకు భరోసా అయింది. 1926లో ఆయన ఇంగ్లండ్‌లోని లెచ్‌వర్త్‌లో పారాచూట్ల ఫ్యాక్టరీ పెట్టాడు. ఎత్తుల్లో ఎగిరేవాళ్ల చలి ఆయనకు స్వయంగా తెలుసు. జాకెట్ ఆ అనుభవంలోంచే వచ్చింది.

ఇప్పుడు అవే జాకెట్లను కొలత తప్పకుండా, జిప్పుతో సహా పాత పద్ధతిలో మళ్లీ కుట్టేవాళ్లున్నారు. ఇంగ్లండ్‌లోని డెవన్‌లో ఈస్ట్‌మన్, స్కాట్లండ్‌లోని గలాషీల్స్‌లో ఏరో లెదర్, జపాన్‌లో రియల్ మెకాయ్స్, బజ్ రిక్సన్స్ ఈ రంగంలో పేరున్న సంస్థలు. మంచి జాకెట్ ధర వెయ్యి పౌండ్లు దాటి చాలాకాలమైంది. అంటే మన లెక్కలో లక్ష రూపాయల పైమాట. రెండు వేల డాలర్లు మించినవీ ఉన్నాయి. 2024లో వచ్చిన ‘మాస్టర్స్ ఆఫ్ ది ఎయిర్’ సిరీస్‌లో గొర్రెతోలు జాకెట్లు చూసి ముచ్చటపడ్డ కొత్త తరానికి ఆ ధర చూస్తే గుండె ఆగినంత పని. బ్రాండు పేరు చెప్పి దోచుకుంటున్నారని చాలామంది అనుమానం. నాకు అలా అనిపించదు. కొంత దోపిడీ లేదనను, కానీ ధరలో సింహభాగం పోతున్నది వేరే చోటికి.

పచ్చితోలు పారేస్తున్నారు

విచిత్రమేమిటంటే గొర్రెతోలు ఖరీదైనది కాదు. మాంసం కోసం కోసిన గొర్రె తోలును బ్రిటన్‌లో ఈమధ్య కొనే నాథుడే లేడు. తోలు అమ్మి నాలుగు డబ్బులు చూసుకోవాల్సిన కబేళాలు, దాన్ని వదిలించుకోవడానికి ఎదురు డబ్బు కట్టిన సందర్భాలున్నాయి. ఇలా ఒక చివర చెత్తకుప్పకు పోయే వస్తువు, ఇంకో చివర లక్ష రూపాయల జాకెట్‌గా తేలుతోంది. ఈ రెంటికీ మధ్య ఉండాల్సిన పని, ఆ పని తెలిసిన ఊళ్లు, మనుషులు కనుమరుగయ్యారు. ధర పెరిగింది అక్కడ.

ఉన్నితో ఉన్న తోలును శుద్ధి చేయడం మామూలు తోలుకన్నా కష్టం. మామూలు తోలుకైతే సున్నం పట్టించి వెంట్రుకలు ఊడగొడతారు. ఇక్కడ ఒక్క పోగు కూడా రాలకూడదు. ఉన్నిలోని జిడ్డంతా పోవాలి, పోకపోతే మందు తోలులోకి ఎక్కదు, వాసనా వదలదు. నీళ్ల వేడి కాస్త ఎక్కువైతే తోలు ముడుచుకుపోతుంది. తర్వాత ఆరబెట్టాలి, వెనకవైపు గీకి పలచన చేయాలి, ఉన్నిని దువ్వి ఒకే ఎత్తుకు కత్తిరించాలి, వేడి ఇస్త్రీతో నిలబెట్టాలి. ఇన్ని మెట్లలో ఏ ఒక్క చోట చెడినా తోలు మొత్తం దండగ. నీళ్లు, గ్యాసు, కరెంటు బోలెడు కావాలి. వ్యర్థజలాన్ని శుద్ధి చేయనిదే కాలువలోకి వదలకూడదు. ఆ నిబంధన న్యాయమైనదే, దాని ఖర్చూ నిజమే. 2022లో యూరప్‌లో గ్యాసు ధర ఆకాశానికి ఎగబాకినప్పుడు మిగిలిన తోలుశుద్ధి కర్మాగారాల మీద పడ్డ దెబ్బ అంతా ఇంతా కాదు.

గొర్రెతోలు పనికి ఒకప్పుడు పెట్టింది పేరు ఇంగ్లండ్‌లోని గ్లాస్టన్‌బరీ. అక్కడి మోర్లాండ్స్ కంపెనీ 1980ల మొదట్లోనే మూతపడింది. అలాంటి ఊరు ఒకటి పోతే భవనాలు, యంత్రాలతో ఆగదు. తోలును చేత్తో నిమిరి ఏది వీపుకు, ఏది చేతులకు పనికొస్తుందో చెప్పగలిగే మనుషులూ దాంతో పోతారు.

మందల సంగతీ చెప్పుకోవాలి. న్యూజిలాండ్‌లో 1982లో 7 కోట్ల గొర్రెలుండేవి, ఇప్పుడు రెండున్నర కోట్లు కూడా లేవు. ఆస్ట్రేలియాలో 1970 నాటి 18 కోట్లు సగానికి మించి తగ్గాయి. ఉన్ని కత్తిరించే కూలి, ఉన్ని మీద వచ్చే డబ్బుకన్నా ఎక్కువైంది. దాంతో చాలామంది రైతులు ఉన్ని దానంతటదే రాలిపోయే డార్పర్ లాంటి మాంసపు జాతులకు మళ్లుతున్నారు. జాకెట్‌కు కావలసింది ఒత్తుగా, పొట్టిగా, సమంగా పెరిగిన ఉన్ని. ఏ గొర్రె తోలైనా తెచ్చి కుడదామంటే కుదరదు.

కత్తి మొన పని

ఇక కుట్టుపని. ఈ తోలును బట్టలాగా పరిచి, పదేసి పొరలు పెట్టి మిషన్‌తో కోయలేరు. ఒక్కో తోలునూ తిరగేసి, ఉన్ని కిందికి ఉండేలా పెట్టి, పదునైన కత్తి మొనతో తోలును మాత్రమే చీలుస్తారు. కత్తి ఒక వెంట్రుకవాసి లోతుకు దిగితే ఉన్ని తెగి, కుట్టు వెంబడి బోడి గీత పడుతుంది. రెండు ముక్కలు కలిపి కుట్టేటప్పుడు ఉన్నిని వేళ్లతో లోపలికి నెడుతూ పోవాలి. కుట్టులో ఇరుక్కున్న పోగుల్ని తర్వాత ఒక్కొక్కటిగా బయటికి లాగి దువ్వాలి. చాలా నమూనాల్లో ఆ కుట్టు మీద సన్నటి తోలు పట్టీ వేసి మళ్లీ రెండు వైపులా కుట్టాలి. ఇవన్నీ చేసే మిషన్ లేదు, చేతులే చేయాలి. నేర్చుకోవడానికి ఏళ్లు పడుతుంది, నేర్పేవాళ్లు ముసలివాళ్లయిపోతున్నారు.

యుద్ధకాలపు ఇర్విన్ జాకెట్లను వరసగా పెట్టి చూస్తే ఈ కష్టం అప్పటికే మొదలైందని తెలుస్తుంది. తొలినాటి వాటిలో వీపంతా పెద్ద పెద్ద ముక్కలు. యుద్ధం సాగేకొద్దీ ముక్కలు చిన్నవయ్యాయి, కుట్లు పెరిగాయి. పెద్ద తోళ్లకు కటకట వచ్చి చిన్న ముక్క కూడా వృథా పోకుండా వాడారన్నమాట. అమెరికా సైన్యమైతే 1943 నుంచి బట్టతో కుట్టి, లోపల ఆల్పాకా ఉన్ని వేసిన జాకెట్లకు, కరెంటుతో వేడెక్కే సూట్లకు మారింది. గొర్రెతోలు బరువు, ఇరుకు విమానంలో కదలనివ్వదు. ప్రభుత్వ ఖజానా వెనకున్న రోజుల్లోనే వదులుకున్న పనిని, ఇప్పుడు పదిమందో ఇరవైమందో ఉన్న చిన్న వర్క్‌షాపు మోస్తోంది. దాని ధర తక్కువగా ఎలా ఉంటుంది?

వీటి మీద పన్నులు. 2021 నుంచి బ్రిటన్ సరుకు యూరప్‌లోకి వెళ్తే అక్కడి వ్యాట్ కట్టాల్సిందే, కస్టమ్స్ తంతూ తప్పదు. 2025లో అమెరికా బ్రిటన్ సరుకు మీద 10 శాతం, జపాన్ సరుకు మీద 15 శాతం సుంకం వేసింది. అమెరికాలో ఉన్న మనవాళ్లు ఎవరైనా ఆర్డర్ పెట్టేముందు జాకెట్ ధర ఒక్కటే చూసుకుంటే చాలదు.

మన మందల్లో ఈ తోలు లేదు

2019 పశుగణన ప్రకారం దేశంలో గొర్రెలు అత్యధికంగా ఉన్నది తెలంగాణలో, 1.9 కోట్లకు పైగా. రెండో స్థానం ఆంధ్రప్రదేశ్‌ది. అయినా ఈ జాకెట్‌కు మన తోలు పనికిరాదు. నెల్లూరు గొర్రెకు ఉన్నే ఉండదు, ఉండేది పొట్టి వెంట్రుక. దక్కనీ గొర్రె ఉన్ని ముతక. దానితో కురుమలు నేసే నల్ల గొంగడి వానకూ చలికీ కాపరిని ఎలా కాచుకుంటుందో, ఇర్విన్ జాకెట్ పైలట్‌ను అలాగే కాచింది: పోగుల మధ్య చిక్కిన గాలే వెచ్చదనం.

మనకు ఈ కథతో అసలు చుట్టరికం ఇంకో చోట ఉంది. అప్పటి గుంటూరు జిల్లా యలవర్రులో పుట్టి, చెన్నైలోని కేంద్ర తోళ్ల పరిశోధనా సంస్థను ప్రపంచస్థాయికి తీసుకెళ్లిన డాక్టర్ యలవర్తి నాయుడమ్మ జీవితమంతా చెప్పింది ఈ మాటే. పచ్చితోలు పంపేస్తే మిగిలేది చిల్లర, పని చేసి పంపితే దాని విలువంతా మన కార్మికుడికి దక్కుతుంది. 1985లో కనిష్క విమాన దుర్ఘటనలో ఆయన్ని పోగొట్టుకున్నాం. బ్రిటన్‌లో పచ్చితోలు చెత్తకు పోతూ, శుద్ధి చేసిన తోలు అరుదైపోతున్న ఈ రోజుల్లో ఆ మాట అక్షరాలా కళ్లెదుట నిలుస్తోంది.

అందుకే ఏ ధర ఇవ్వొచ్చు, ఏది ఇవ్వకూడదు అన్నది విడిగా చూడాలి. తోలుకు, కుట్టుకు ఇచ్చే డబ్బు నా లెక్కలో న్యాయమైనది. కొత్త జాకెట్‌ను కావాలని గీకి, రంగు చెరిపి, యుద్ధం చూసొచ్చినట్టు పాతబరిచి అదనంగా గుంజే డబ్బుకు మాత్రం ఒప్పుకోను. నిజమైన బి-3 మీది గోధుమ పూత బీటలు వారింది ఎనభై ఏళ్ల వాడకంతో. ఆ బీటలు కొనుక్కునేవి కావు. కొనదలచుకున్నవాళ్లు చంక కింద కుట్టు తిరగేసి, ఉన్నిలో వేళ్లు దూర్చి చూడండి. బోడి గీత తగిలితే ఎంత చవగ్గా ఇచ్చినా వద్దనండి.