దుంగకోత రంపమును సరిచూచుకొను విధము

గత వేసవిలో మన సంఘసభ్యులొకరి దొడ్డిలో గాలివానకు కూలిన వేపచెట్టును ద్వారబంధములకును తలుపులకును కోయుటకై, ట్రాక్టరు వెనుక కట్టి తెచ్చిన బ్యాండు రంపపు యంత్రమును అచ్చటనే నిలిపితిమి. మొదటి రెండు పలకలను చూచుసరికి మాకు సిగ్గు కలిగినది. అంగుళము మందము రావలసిన పలక కొనలయందు అంగుళమును, నడుమ 1¼ అంగుళములును ఉండెను. రెండవది అలలు అలలుగా తెగినది. పనివారిలో నొకడు బ్లేడు మంచిది కాదనెను. తప్పు బ్లేడుది కాదు, మాది. తొందరపడి నేలను చూడకయే యంత్రమును త్రిప్పితిమి.

ఈ యంత్రమున దుంగ కదలదు. రంపపు తల పట్టాలమీద దుంగ పొడవున నడచును. పట్టా వంగినచో కోతయు వంగును. దుంగ బరువు పడగానే మెత్తని నేలలో కాళ్లు దిగబడును. మాకును నడిమి కాళ్లే దిగినవి. కావున ప్రతి కాలిక్రిందను వెడల్పైన బల్లచెక్క వేసి, పట్టా పొడవున దారము బిగించి లాగి, కాలికాలివద్దను ఎడము సమముగా నున్నదో లేదో చూడవలెను. దుంగ నెక్కించిన పిదప మరల చూడవలెను. రసమట్టము ఉండిన మంచిదే గాని, యంత్రము కొంచెము వాలుగా నున్నంతమాత్రమున కోత చెడదు. పట్టాలలో మెలిక యున్నచో చెడును. మెలికను కనిపెట్టుటకు, చిన్ననాడు బడిలో మాకు వడ్రంగము నేర్పిన ఉపాధ్యాయుడు చూపిన ఉపాయము నేటికిని పనికివచ్చుచున్నది. సరళమైన రెండు కఱ్ఱలను పట్టాలకు అడ్డముగా, ఈ కొన నొకటి, ఆ కొన నొకటి పెట్టి, ఒక కన్ను మూసి మొదటిదాని అంచుమీదుగా రెండవదానిని చూడవలెను. రెండంచులును ఏకమై కనబడినచో మెలిక లేదు.

పిమ్మట చక్రములు. ఇంజను ఆపి, స్పార్కు ప్లగ్గు తీగను ఊడదీసి, చేతులకు తోలు తొడుగులు వేసికొనిన తరువాతనే లోన చేయి పెట్టవలెను. చక్రములకంటిన పొట్టును జిగురును గీకివేసి, రోలర్లను బ్లేడునకు తగులకుండ తప్పించి, బ్లేడును యంత్రపు పుస్తకమున చెప్పినంత బిగించి, చక్రమును చేతితో త్రిప్పవలెను. 1¼ అంగుళముల బ్లేడునకు పండ్ల మొదలు చక్రపు అంచునకు వెలుపల సుమారు ఒక నూలు, అనగా అంగుళమున 8వ వంతు, నిలుచుట సాధారణముగా తగిన కొలత. లోనికి పోయినచో పండ్ల విడుపు చక్రముపై నలిగిపోవును. మరీ వెలికి వచ్చినచో బ్లేడు జారును. చక్రపు వాలును మార్చు మరను కొంచెము కొంచెముగా త్రిప్పి దీనిని సరిచేయవలెను.

అసలు చిక్కంతయు రోలర్లవద్ద నున్నది. ఇవి బ్లేడును సుమారు రెండు నూళ్లు క్రిందికి నొక్కి, అదరకుండ పట్టును. రోలరు ఏమాత్రము పైకి చూచినను పండ్లు పైకెక్కును. క్రిందికి చూచినచో మునుగును. పరీక్షించుటకు సరళమైన ఇనుపబద్దను బ్లేడు వెడల్పున, పండ్లనడుమ చదునుగా ఆనునట్లు, క్లిప్పుతో బిగించి, దాని ముందుకొననుండియు వెనుకకొననుండియు పట్టావరకు కొలువవలెను. రెండు కొలతలును ఒక్కటి కావలెను. ఒక్కొక్క రోలరువద్దను విడిగా కొలువవలెను. ఒకదాని కొలత చూచి రెండవది నమ్మరాదు. రోలరు వెనుక అంచు బ్లేడు వీపునకు అరనూలు దూరమున నుండవలెను. ఇక కదలు రోలరును దుంగకు వీలైనంత చేరువకు తేవలెను. మేము దానిని దూరముగా విడిచితిమి గనుకనే రెండవ పలకలో అలలు పుట్టినవి.

తుదకు బ్లేడు రెండు ప్రక్కలను పట్టాకు సమానమైన ఎత్తున నున్నదా యని చూచిన చాలును. పండ్లు మొద్దువారినను, తొందరపడి త్రోసినను అలలు వచ్చును. బెరడునకు పట్టిన మట్టిని కడుగవలెను. దొడ్డిలోని వేపకు పలుపులకనియు బట్టల త్రాటికనియు మనము కొట్టిన మేకులు లోన మునిగియుండును; వానిని ముందే వెదకవలెను.

మిగిలిన దుంగలో ద్వారబంధములు చక్కగా వచ్చినవి. తలుపులకు మాత్రము కొయ్య చాలక ఆ సభ్యుడు కలప అడితిలో కొనవలసివచ్చినది. ఆ ధరలో సగము సంఘము భరించినది.