ఆగి ఉన్న హైబ్రిడ్ కారులో ఇంజిన్ దానంతట అదే ఎందుకు స్టార్ట్ అవుతుంది?

మే నెల మధ్యాహ్నం. ఫంక్షన్ హాల్ బయట కారు ఆపి, ఏసీ వేసుకుని లోపలున్న మీవాళ్ల కోసం ఎదురుచూస్తున్నారు. ఇంజిన్ చప్పుడు లేదు. కొన్ని నిమిషాలు గడిచాక, మీరు ఏదీ ముట్టుకోకుండానే ఇంజిన్ స్టార్ట్ అయింది. కాసేపటికి మళ్లీ ఆగిపోయింది. కొత్తగా హైబ్రిడ్ కారు కొన్నవాళ్లు దీన్ని చూసి కంగారుపడుతుంటారు. కారులో లోపమేమీ లేదు. బ్యాటరీలో ఛార్జింగ్ తగ్గింది, కారే నింపుకుంది.

ఇన్నోవా హైక్రాస్, హైరైడర్, గ్రాండ్ విటారా, హోండా సిటీ వంటి వాటిలో వచ్చే స్ట్రాంగ్ హైబ్రిడ్‌లకు బయటి నుంచి ఛార్జింగ్ పెట్టే వీలుండదు. బ్యాటరీ కూడా చిన్నదే. గ్రాండ్ విటారా హైబ్రిడ్‌లో దాని సామర్థ్యం సుమారు 0.76 కిలోవాట్ అవర్లు. కరెంటు బిల్లు లెక్కలో చెప్పాలంటే ఒక యూనిట్ కూడా కాదు. అది కూడా మొత్తం వాడనివ్వరు. ఎక్కువ కాలం మన్నాలని, పూర్తిగా ఖాళీ కాకుండా, పూర్తిగా నిండకుండా కంప్యూటర్ చూసుకుంటుంది. ఇక ఎండలో కాలిన కారును చల్లబరచాలంటే ఏసీ గంటకు ఒక యూనిట్ దాకా లాగగలదు. ఆ బ్యాటరీ ఎంతసేపు ఆగుతుందో మీరే లెక్క వేసుకోండి.

ఛార్జింగ్ ఒక స్థాయికి పడిపోగానే కంప్యూటర్ ఇంజిన్‌ను లేపుతుంది. బండి కదలడం లేదు కాబట్టి ఇంజిన్ శక్తి చక్రాలకు కాకుండా జనరేటర్‌కు వెళ్తుంది. అక్కడ పుట్టిన కరెంటు బ్యాటరీలో చేరుతుంది. కావలసినంత నిండగానే ఇంజిన్ ఆగిపోతుంది. ఇదంతా ట్యాంకులోని పెట్రోలుతోనే, ఉచితమేమీ కాదు. కాకపోతే మామూలు కారులో ఏసీ కోసం ఇంజిన్ ఆపకుండా తిరగాలి, ఇందులో విడతలుగా తిరుగుతుంది.

ఒక పాత అలవాటుతో మాత్రం జాగ్రత్త. ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే న్యూట్రల్‌లో వేయడం మనలో చాలామందికి చేతికి వచ్చేసింది. టయోటా హైబ్రిడ్‌లలో న్యూట్రల్‌లో ఉండగా పెద్ద బ్యాటరీకి ఛార్జింగ్ ఎక్కదు. ఇంజిన్ తిరుగుతున్నా సరే, ఏసీ మాత్రం బ్యాటరీని తోడేస్తూనే ఉంటుంది. ఎక్కువసేపు ఆగాల్సి వస్తే పార్కింగ్ మోడ్‌లో పెట్టండి.

ఇప్పటిదాకా చెప్పిందంతా డాష్‌బోర్డుపై ‘రెడీ’ అనే లైటు వెలుగుతున్నప్పటి మాట. కారు ఆఫ్ చేసి ఊరెళ్లిపోతే సంగతి వేరు. అప్పుడు ఏ బ్యాటరీకీ ఛార్జింగ్ జరగదు. ముందుగా దెబ్బతినేది పెద్ద బ్యాటరీ అనుకుంటారు కానీ, ఇబ్బంది పెట్టేది 12 వోల్టుల చిన్న బ్యాటరీ. తాళాలు, అలారం, కంప్యూటర్లు దాని మీదే ఆధారపడతాయి, కారు ఆఫ్‌లో ఉన్నా కొద్దికొద్దిగా వాడుకుంటూనే ఉంటాయి. పెద్ద బ్యాటరీని కారుకు కలిపే స్విచ్‌లు పనిచేయడానికి కూడా ఈ చిన్న బ్యాటరీయే కావాలి. అంటే పెద్దదాంట్లో ఛార్జింగ్ ఉన్నా, చిన్నది పడుకుంటే బండి లేవదు.

నెలల తరబడి బయటికి తీయని కారైతే, వారానికోసారి ఇంట్లో ఎవరినైనా రెడీ మోడ్‌లో కాసేపు ఉంచమనండి. ఎంతసేపు అన్నది మీ కారు మాన్యువల్‌లో ఉంటుంది. బటన్ నొక్కేటప్పుడు బ్రేకు మీద కాలుండాలి. లేకపోతే పాటలు, లైట్లు వస్తాయి కానీ రెడీ లైటు రాదు. అలా వదిలేస్తే ఛార్జింగ్ ఎక్కకపోగా ఉన్నది కూడా పోతుంది.

ఈ పని అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోనో, షట్టర్ దించిన గ్యారేజీలోనో చేయకండి. ఇంజిన్ శబ్దం లేదని కారు ఆగిపోయిందనుకుంటాం. కానీ రెడీ లైటు వెలుగుతున్నంతసేపూ అది ఎప్పుడైనా స్టార్ట్ అవుతుంది. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు, వాసన ఉండవు, ప్రాణం తీస్తుంది. అమెరికాలో బటన్ స్టార్ట్ కార్లను ఆపడం మరిచిపోయి, ఇంటి గ్యారేజీ నుంచి లోపలికి చేరిన ఈ వాయువుతో నిద్రలోనే చనిపోయినవారున్నారు. తాళం జేబులో వేసుకుని దిగే ముందు ఆ లైటు ఆరిందో లేదో ఒకసారి చూడండి.