చార్జీ తగ్గితే కారు దిగుతారా?

న్యూఢిల్లీ: చార్జీలు తగ్గిస్తే జనం సొంత వాహనాలు వదలి మెట్రో ఎక్కుతారన్న వాదన వినసొంపుగానే ఉంటుంది. దీనికి తరచూ చూపే సాక్ష్యం 2017 నాటి ఢిల్లీ అనుభవం. ఆ ఏడాది రెండు విడతల పెంపుతో మెట్రో గరిష్ఠ చార్జీ 30 రూపాయల నుంచి 60 రూపాయలకు చేరింది. సమాచార హక్కు చట్టం కింద వెల్లడైన లెక్కల ప్రకారం, సెప్టెంబరులో రోజుకు సగటున 27.4 లక్షలున్న ప్రయాణికులు అక్టోబరులో 24.2 లక్షలకు తగ్గారు.

అయితే రెండవ పెంపు అమలులోకి వచ్చింది అక్టోబరు 10న. దీపావళి సెలవులూ ఆ నెలలోనే వచ్చాయి. ఒక్క నెల లెక్కతో తీర్పు చెప్పడం తొందరపాటే. పైగా మెట్రో మానుకున్నవారు స్కూటరెక్కారో, బస్సెక్కారో, అసలు ప్రయాణమే మానుకున్నారో ఆ అంకెలు చెప్పవు.

నగర శివారు నుంచి నిత్యం రాకపోకలు సాగించే చిరుద్యోగికి రెట్టింపు చార్జీ భారమే. అందులో సందేహం లేదు. ఈ వాదనలో బలమున్నది అక్కడే. కారున్నవారి లెక్క వేరు. స్టేషన్‌లో దిగాక ఇంటికి ఆటో కోసం బేరమాడడం, రద్దీలో గంటసేపు నిలబడడం వారికి టిక్కెట్టు ధర కన్నా పెద్ద అడ్డంకులు. చార్జీ సగం చేసినా అవి తొలగవు.

2025 ఆగస్టు 25న ఢిల్లీ మెట్రో చార్జీలు మళ్లీ పెరిగాయి. ఈసారి గరిష్ఠ చార్జీపై పెంపు 4 రూపాయలే.