ఉరుముల గాలివానను ముందుగా కనిపెట్టుట

చైత్ర వైశాఖములలో మధ్యాహ్నము వరకు ఎండ మండి, సాయంకాలమునకు నల్లని మబ్బు లేచుట రైతులెరుగని విషయము కాదు. గడియలోపల ఈదురుగాలి, వడగండ్లు, పిడుగు వచ్చిపడును. అప్పటికి ధాన్యము కల్లములోను, మామిడికాయ చెట్టునను, మనుష్యులును పశువులును పొలములోను నుందురు. కావున ఇట్టి గాలివానను ముందుగా నెరుగు మార్గము ప్రతి సభ్యుడును తెలిసికొనదగినది.

సముద్రమునుండి వచ్చు తేమగాలి క్రిందను, పొడిగాలి పైనను ఉండి, ఎండవేడిమిచే నేల కాగినప్పుడు, తేమగాలి వేగముగా పైకెగయును. అదియే ఉరుముల మబ్బగును. ఎత్తునుబట్టి గాలి దిక్కును వేగమును మిక్కిలి మారుచున్నచో మబ్బు తిరుగనారంభించును. అట్టి మబ్బునుండియే భయంకరమైన టొర్నేడో, అనగా నేలనంటు సుడిగాలి, పుట్టవచ్చును. మన సీమలో నిది అరుదు. అయినను 1989వ సంవత్సరము ఏప్రిల్ 26వ తేదీన బంగ్లాదేశమున వీచిన టొర్నేడో వేయిమందికి పైగా బలిగొన్నది.

అమెరికాలోని ఒక్లహోమా రాష్ట్రమున 1948వ సంవత్సరము మార్చి 20వ తేదీన టింకర్ విమానస్థావరముపై టొర్నేడో విరుచుకుపడెను. అచ్చటి వాతావరణాధికారులు ఫాబుష్, మిల్లర్ అనువారు నాటి వాతావరణ పటములను పరిశీలించిరి. మార్చి 25వ తేదీన మరల అవే లక్షణములు కనబడగా హెచ్చరిక నిచ్చిరి. ఆ సాయంకాలమే రెండవ టొర్నేడో వచ్చెను. విమానములను కొన్నింటిని ముందే భద్రపరచియుండిరి. శాస్త్రీయముగా టొర్నేడోను ముందు చెప్పుటకు అది నాంది.

ఇప్పుడు మన దేశమున వాతావరణశాఖవారు బెలూనులను పంపి పైగాలుల తేమను, వేడిని కొలుచుచున్నారు. విశాఖపట్టణము, మచిలీపట్నము, హైదరాబాదులందలి డాప్లరు రాడారులు మబ్బులోని వానచినుకుల కదలికను పట్టుకొనును. అందుచే రాగల మూడు గంటలకు జిల్లాలవారీగా హెచ్చరిక వెలువడును. పసుపు గమనింపుమనియు, నారింజ సిద్ధపడుమనియు, ఎరుపు వెంటనే రక్షణ తీసికొమ్మనియు అర్థము. పూనా నగరపు ఉష్ణమండల వాతావరణ సంస్థవారి దామిని యాపు దగ్గరి పిడుగులను తెలుపును.

ఫోను లేనివారికి చెవియే సాధనము. మెరుపు మెరిసిన తరువాత ఉరుము వినబడువరకు లెక్కింపుడు: మూడు సెకనులకు ఒక కిలోమీటరు దూరము. లెక్క 30కి లోపడినచో మిద్దెయింటిలోనికి పోవలెను. చెట్టుక్రిందగాని, తాటిచెట్టు చెంతగాని నిలువరాదు. చెరువునుండి వెలికి రావలెను. కడపటి ఉరుము వినబడిన పిమ్మట అరగంట గడువక పొలమునకు మరలరాదు.

ప్రతి సంఘమునందును హెచ్చరికలు చూచుటకు ఒక సభ్యుని నియమించి, ఆయన చెప్పిన తోడనే టముకు వేయింపవలెను. టార్పాలినులు ఉమ్మడిగా కొని కల్లములకు దగ్గర నుంచవలెను. ఒక్కొకప్పుడు హెచ్చరిక వచ్చియు వాన రాకపోవచ్చును. అందుచే దానిని తేలికగా చూడరాదు. వ్యర్థమైన పూట మరల సంపాదింపవచ్చును. తడిసిన ధాన్యమును ఎండబెట్టుకొనవచ్చును. పిడుగుపాటున పోయిన ప్రాణము మరలి రాదు.