మోకాలు పట్టేస్తే ఆర్థ్రోస్కోప్, నొప్పెడితే?

పటాన్‌చెరు నుంచి రుద్రారం మీదుగా సంగారెడ్డి దాకా ముంబై హైవే వెంట ఉన్న పరిశ్రమల్లో పని చాలావరకు మోకాళ్ల మీదే నడుస్తుంది. నిచ్చెనెక్కాలి, బరువెత్తాలి, యంత్రం కింద గొంతుకూర్చోవాలి. అలాంటి పనిలో ఉన్న మనిషికి మోకాలు ఉన్నట్టుండి పట్టేసి, కాసేపు అటూ ఇటూ కదిపాక వదిలేస్తుంటే దాన్ని మామూలు నొప్పుల లెక్కలో వేయకూడదు. కీలులో మృదులాస్థి ముక్కో ఎముక ముక్కో ఊడి తిరుగుతూ ఎముకల మధ్య ఇరుక్కుంటూ ఉండవచ్చు. మోకాలి ఎముకల మధ్య దిండులా ఉండే మెనిస్కస్ చిరిగినా ఇలాగే అడ్డుపడుతుంది. ఇలాంటి అడ్డును తీయడంలో, చిన్న గాటులోంచి పంపి కీలు లోపల చూసే గొట్టం ఆర్థ్రోస్కోప్‌కు సాటి లేదు. కానీ ప్రతి మోకాలి నొప్పికీ దాన్ని వాడితే రోగికి మేలు జరగదు. ఆ పరికరం చరిత్రే ఇందుకు సాక్ష్యం.

ముక్క ఊడటానికి కారణాలు పలు రకాలు: దెబ్బ తగలడం, కీలు అరగడం, యువకుల్లో మృదులాస్థి కింది ఎముక దెబ్బతినే ఆస్టియోకాండ్రైటిస్ డిసెకాన్స్, కీలు పొరలోనే ముక్కలు పుట్టే సైనోవియల్ కాండ్రోమటోసిస్. రక్తప్రసారం తెగిపోయినా మృదులాస్థి చావదు. కీలు ద్రవమే దానికి ఆహారం, అందుకే ఊడిన ముక్క పెరగనూ గలదు. ఎక్స్-రేలో ఎముక, సున్నం పట్టిన ముక్కలే కనిపిస్తాయి. ఒట్టి మృదులాస్థి ముక్కయితే ఎంఆర్ఐ కావాలి. మరోవైపు, కొందరి మోకాలి వెనక సహజంగానే ఉండే ఫాబెల్లా అనే చిన్న ఎముకను ఊడిన ముక్కగా పొరబడే ప్రమాదం ఉంది. కాబట్టి ఫిల్మ్‌లో కనిపించినదానికీ రోగి చెప్పినదానికీ పొంతన చూడాల్సిందే.

ఫ్రెంచి శస్త్రవైద్యుడు ఆంబ్రాయిజ్ పారే 1558లోనే మోకాలి నుంచి ఇలాంటి ముక్కను తీశాడు. కానీ క్రిమిరహిత శస్త్రచికిత్స రాకముందు కీలు తెరవడమంటే చీము పట్టి కాలో ప్రాణమో పోయే ప్రమాదాన్ని నెత్తిన పెట్టుకోవడమే. 1918లో టోక్యోలో కెంజి తకాగి మూత్రాశయాన్ని చూసే సిస్టోస్కోప్‌ను శవం మోకాలిలోకి పంపి చూశాడు. క్షయతో మోకాలు బిగుసుకుపోతే నేల మీద కూర్చుని బతికే జపాన్‌లో రోజు గడవడమే కష్టం. అందుకే జబ్బును ముందే పట్టుకోవాలన్నది ఆయన తపన. ఆయన శిష్యుడు మసాకి వతనబే 1950ల చివర్లో నం. 21 ఆర్థ్రోస్కోప్‌ను రూపొందించాడు, 1962లో దాని సాయంతో చిరిగిన మెనిస్కస్ భాగాన్ని తీశాడు. అయితే దాని కొసన చిన్న బల్బు ఉండేది. అది కీలులో పగిలితే, ముక్క తీయడానికి వెళ్లిన పరికరమే కొత్త ముక్కల్ని వదిలినట్టయ్యేది. గాజు పోగుల గుండా వెలుతురు పంపే పద్ధతి వచ్చాక బల్బు కీలు బయటే ఉండిపోయింది. గాజు పోగుల గుండా బొమ్మను పంపవచ్చని 1954లో హెరాల్డ్ హాప్కిన్స్‌తో కలిసి చూపిన నరీందర్ సింగ్ కపానీ పంజాబ్‌లో పుట్టినవాడే. ఇప్పుడు సెలైన్‌తో కీలును ఉబ్బించి, ఒక చిన్న గాటులోంచి సుమారు 4 మిల్లీమీటర్ల గొట్టాన్ని, మరో గాటులోంచి పట్టకారును పంపి ముక్కను తీస్తున్నారు.

ఇంత సులువైనప్పుడు నొప్పెట్టిన ప్రతి మోకాలినీ లోపల చూసి శుభ్రం చేస్తే పోలా అని అడగవచ్చు. హ్యూస్టన్‌లో అరిగిన మోకాళ్లున్న 180 మందిపై జరిగిన పరీక్ష 2002లో దీనికి జవాబిచ్చింది. కొందరికి నిజంగా శస్త్రచికిత్స చేసి, మరికొందరికి చర్మం మీద గాట్లు మాత్రమే పెట్టారు. రెండేళ్లు గమనించినా తేడా లేదు. అలాగైతే పరికరమే దండగా? కాదు. ఆ పరీక్ష అరుగుదల నొప్పి గురించి, కీలు కదలికను ఆపే అడ్డు గురించి కాదు. నొప్పికి మూలాలు అనేకం, ఇరుక్కున్న ముక్క మాత్రం తీస్తే తొలగే అడ్డు. ఏ ఇబ్బందీ పెట్టని ముక్కనైతే గమనిస్తూ వదిలేయవచ్చు. యువకుల్లో ఎముకతో సహా ఊడిన పెద్ద ముక్కను వీలైతే తిరిగి అతికించాలి. ముక్క తీసినా అది ఊడిన చోటును పట్టించుకోకపోతే చికిత్స సగమే.

రుద్రారానికి దగ్గర్లోనే సుల్తాన్‌పూర్‌లో వైద్య పరికరాల పార్కు, కందిలో ఐఐటీ, సంగారెడ్డిలో ప్రభుత్వ వైద్య కళాశాల ఉన్నాయి. పరికరాలు తయారుచేసే నేర్పు, వాడే నేర్పు ఇక్కడ ఒకేచోట పెరగాలి. వాటితో పాటు, ఖర్చులేని అలవాటొకటి ఫ్యాక్టరీ ఆరోగ్య పరీక్షల్లోకి రావాలి: నొప్పి ఎంత అని అడిగి ఊరుకోకుండా, మోకాలు ఎప్పుడైనా పట్టేసిందా, ఎలా వదిలింది అని కార్మికుణ్ని అడగడం. ఎవరికి శస్త్రచికిత్స కావాలో, ఎవరికి వ్యాయామం చాలో తేల్చే పని ఆ ప్రశ్నతోనే మొదలవుతుంది.